కాస్తెల్వెర్నో పైకప్పు

కాస్తెల్వెర్నో, ఇటలీ
3 అక్టోబరు 1999

మావయ్యకు, అత్తయ్యకు నందిత నమస్కారాలు.

ఫోనులో మీకు నా మాట సగమే వినబడుతోంది. నిశాంత్ ఈమెయిలు పంపమంటాడు గానీ ఈ కొండమీద మాకు కంప్యూటరు లేదు. అందుకని కాగితమే.

మేం బాగుచేస్తున్న కోట గురించి అడిగారు కదా. ఏడువందల ఏళ్ల కిందట ఇక్కడి దొర కట్టించాడు. పక్క పట్టణం వాళ్లు ముట్టడించినప్పుడు, లోపల తిండి చాలదని తన రైతుల్నే బయట వదిలి తలుపులు మూయించాడట. ఆ చలికాలమంతా వాళ్లు రెండు సైన్యాల మధ్య ఈ గోడ కిందే పడి ఉండి, అక్కడే చచ్చిపోయారు. తర్వాత కోట ప్లేగు రోగుల్ని పడేసే చోటయింది. ఆ తర్వాత జైలు, ఆ తర్వాత ధాన్యం కొట్టు. పాత చెక్క కప్పు కూలిపోతే ముప్పై ఏళ్ల కిందట కాంక్రీటు కప్పు పోయించారు. రెండేళ్ల కిందటి భూకంపానికి ఆ కప్పు చెక్కుచెదరలేదు. దాని కింద తూర్పు బురుజు గోడ మాత్రం నిలువునా చీలింది.

కింద ఊరి జనం అప్పట్నుంచీ రేకు డబ్బాల్లో కాపురం ఉంటున్నారు. జురాంగ్ రేవులో ఓడలకెక్కించే డబ్బాలే అనుకోండి, కిటికీలు కోశారు, అంతే. వచ్చే ఏడు క్రైస్తవుల పుణ్య సంవత్సరం, యాత్రికులు వస్తారని ముందు కోటకే నిధులిచ్చారు. మా మేస్త్రీ ఎత్తోరేది కూడా అలాంటి డబ్బా బతుకే. "నా ఇల్లు పడిపోయే ఉంది, నేను దొరగారి ఇల్లు కడుతున్నాను" అంటాడు. అన్నప్పుడు నవ్వడు.

ఇప్పుడు తగువు కప్పు గురించి. రాతిగోడ మీద ఇంత బరువు ఉండకూడదు, చలి ముదరక ముందే కోసి దించేయాలి అంటాడు మా ప్రొఫెసర్ బెల్లీ. మునిసిపాలిటీ వద్దంటోంది. నాకేం తోచడం లేదు. జన్మంతా కాంక్రీటుతో గడిపిన మనిషి మీరు. ఏం చేయమంటారు?

అత్తయ్యను రెండు వాక్యాలైనా రాయమనండి. కౌశల్ సంబంధం వద్దన్నానని ఇంకా మనసులో పెట్టుకుందా?

మీ నందిత

బుకిట్ పంజాంగ్, సింగపూరు
9 నవంబరు 1999

చిరంజీవి నందితను ఆశీర్వదించి మావయ్య రాస్తున్నది.

జవాబు ఆలస్యమైంది. ఇంట్లో పనులు తెమలడం లేదు. నీ గదిలో ఇద్దరు విజయవాడ కుర్రాళ్లు అద్దెకున్నారు, ప్రోగ్రామర్లు. నిశాంత్ బ్యాంకులో కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం తేదీల గొడవ, ఇంటికి రావడమే గగనం. "ఇవాళైనా తొందరగా రారా" అంటే "కెన్ లా నాన్నా, ట్రై చేస్తాను" అంటాడు. మన బ్లాకు పక్కనుంచి కొత్త ఎల్ఆర్‌టీ రైలు మొదలైంది. బండికి డ్రైవరు లేడు. ఇళ్ల దగ్గరికి రాగానే దాని అద్దాలు వాటంతటవే మసకబారతాయి, లోపలివాళ్లకు మన ఇళ్లు కనబడకుండా.

మీ అత్తయ్యకు కొంచెం నీరసం. ఈసారి తను రాయలేదు.

ఇక కప్పు సంగతి. జురాంగ్ వెస్ట్‌లోనూ క్లెమెంటిలోనూ నేను నిలబెట్టిన బ్లాకులు నువ్వు చిన్నప్పుడు ఆడుకున్నవే. కాంక్రీటును శత్రువులా చూడడం మీ చదువులో వచ్చిన కొత్త ఫ్యాషన్. గోడ లోపలిదాకా గట్టిగా ఉంటే, ఆ కప్పు నాలుగు గోడల్నీ కలిపి పట్టుకుని ఉంటుంది. చలికాలం నెత్తిన పెట్టుకుని దాన్ని తీస్తే గోడలు విచ్చుకుంటాయి. వసంతం వచ్చేదాకా దాని జోలికి పోవద్దు. ఇది నా ఖాయమైన అభిప్రాయం.

ఒంటికి వెచ్చగా ఉండేవి కొనుక్కో.

మావయ్య, విశ్వేశ్వరరావు

కాస్తెల్వెర్నో
28 నవంబరు 1999

మావయ్యా,

మీ ఉత్తరం మా కొంప నిలబెట్టింది! సరిగ్గా మీటింగు రోజే అందింది. చివరి మాటలు ఇటాలియన్‌లో చదివి వినిపించాను. సింగపూరులో అంతంత ఎత్తు కట్టిన ఇంజనీరు అనగానే మేయరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కప్పు వసంతం దాకా ఉంచాలని తీర్మానం అయింది. బెల్లీ గారు నాతో మాట్లాడడం మానేశారు. "గోడను చూడని మనిషి మాట మీద గోడను వదిలేశావు" అని ఒక్కసారి మాత్రం అన్నారు.

గోడ గట్టిదే మావయ్యా, మనిషి అడ్డంగా పడుకున్నంత మందం ఉంది.

అత్తయ్య ఈసారీ రాయలేదు. నాకర్థమైంది. అమ్మ పోయాక ఎనిమిదేళ్ల పిల్లను తెచ్చి పెంచుకున్న మనిషి మాట నేను కాదన్నాను. క్లెమెంటిలో ఉద్యోగం, మంచి కుర్రాడు, తెలిసిన కుటుంబం. తప్పేనేమో. కానీ కోపం ఉంటే తిట్టమనండి. ఈ మౌనం నేను భరించలేను.

మీ నందిత

బుకిట్ పంజాంగ్
16 డిసెంబరు 1999

చి. నందితకు,

నా ఉత్తరం నీకు రాసింది. సభలో చదవమని కాదు. గోడ నేను చూడలేదు, నువ్వు చెప్పిన రెండు ముక్కల మీద రాశాను. మందంగా ఉన్నంత మాత్రాన గట్టిదని కాదమ్మా. ఎవరైనా రాయి తీసి లోపల చూశారా? పాత కట్టడాల్లో బయటా లోపలా చక్కటి రాయి పేర్చి మధ్యలో చెత్తా చెదారం పోసి వదిలేసేవాళ్లని ఇక్కడి మిత్రుడొకరు చెప్పారు. అది విన్నప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు. వెంటనే తూర్పు గోడకు దూలాలతో ఊతాలు పెట్టించు. మేస్త్రీని పిలిచి ఆ పనే ముందు చేయించు. ఆలస్యం చేయకు.

అత్తయ్య సంగతి. నువ్వనుకున్నదే అనుకో. మనసు కష్టపెట్టుకుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది. నువ్వు అదే పట్టుకుని కూర్చోకుండా పని చూసుకో.

మావయ్య

కాస్తెల్వెర్నో
6 ఫిబ్రవరి 2000

మావయ్యకు,

ఇక్కడ మంచు. పని నడుస్తోంది. నేను బాగానే ఉన్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు ఎలా ఉన్నా సర్దుకోండి.

ఇకమీదట కప్పు గురించి రాయకండి. నేనూ రాయను.

అత్తయ్యకు నా క్షమాపణ చెప్పండి.

నందిత

బుకిట్ పంజాంగ్
27 ఫిబ్రవరి 2000

చి. నందితకు,

రెండు నెలలు చూడగా చూడగా వచ్చిన ఉత్తరం, కోడి గీకినట్టు నాలుగు గీతలు. దస్తూరీకి బహుమతులు తెచ్చుకున్న పిల్లవి. నా మాట పట్టుకుని మీ ప్రొఫెసరు దగ్గర చిన్నబోయావని కోపమైతే సూటిగా అను. కప్పు గురించి రాయవద్దన్నావు, రాయను.

ఒక్కటి అడుగుతాను. మార్చి నెలాఖరులోగా ఒక వారం రాగలవా? టికెట్టు నిశాంత్ తీస్తాడు. కారణం అడగవద్దు. ఊరికే, చూడాలని ఉంది.

మావయ్య

కాస్తెల్వెర్నో
12 మార్చి 2000

మావయ్యకు,

రాలేను. ఇప్పుడు ఈ దేశం వదిలి వచ్చే వీలు లేదు. నన్ను బలవంతపెట్టకండి.

అత్తయ్యకు నా మీద కోపం తగ్గిందని మీరు ఈ మాట అడిగి ఉంటే, వేసవి దాటాక వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంటానని చెప్పండి.

నందిత

బుకిట్ పంజాంగ్
10 ఏప్రిల్ 2000

నందితకు,

మీ అత్తయ్య కమలాదేవి మార్చి ముప్పయ్యో తేదీన పోయింది.

కడుపులో కేన్సరు. నువ్వు కోట గురించి మొదటి ఉత్తరం రాసేనాటికే డాక్టర్లు చెప్పేశారు. నీకు చెప్పవద్దంది. "పిల్ల అంత పెద్ద పనిలో ఉంది, కాస్త ఒడ్డెక్కనివ్వండి" అంది. నీ మీద ఆవిడకు కోపం ఏనాడూ లేదు. నువ్వే ఊహించుకున్నావు, నేను ఆ ఊహను చెడగొట్టలేదు. నిజం చెప్పడం కంటే అది సులువనిపించింది.

ఆ రోజు నిశాంత్ మీ ఆఫీసుకు రెండుసార్లు ఫోను చేశాడు. ఎవరో ఎత్తి ఇటాలియన్‌లో ఏదో అని పెట్టేశారు. మందాయ్ శ్మశానంలో పని అంతా నిశాంతే చేశాడు. నీ గదిలో ఉన్న కుర్రాళ్లిద్దరూ వచ్చి మోశారు. నిద్రలోనే పోయింది. ఆఖర్లో ఎవర్నీ అడగలేదు.

రమ్మని ఒక్కసారి అడిగాను. వీలు లేదన్నావు. ఏడువందల ఏళ్ల కిందటి దొర గోడలకు ఉన్న విలువ మాకు లేకపోయింది. ఇంతకంటే రాయను.

విశ్వేశ్వరరావు

కాస్తెల్వెర్నో
24 ఏప్రిల్ 2000

మావయ్యా,

మీరు సంతకం దగ్గర మావయ్య అని రాయలేదు. నేను అలాగే పిలుస్తాను.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు గదిలోంచి రాలేదు. ఇప్పుడు ఎడమచేత్తో రాస్తున్నాను. ఫిబ్రవరిలోనూ ఎడమచేత్తోనే రాశాను. చలి కాదు.

జనవరిలో తూర్పు బురుజు కూలింది. మీ డిసెంబరు ఉత్తరం అందగానే ఊతాలు పెట్టమని ఎత్తోరేకి చెప్పాను. మేయరు సెలవులయ్యాక చూద్దామన్నాడు. నేను పట్టుబట్టి పని మొదలెట్టించాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఎత్తోరే మొదటి దూలం గోడకు ఆనిస్తున్నాడు. నేను కొంచెం ఎడంగా నిలబడి కొలత పట్టుకున్నాను. గోడ పొట్ట ఉబ్బినట్టయింది. బయటి రాళ్లు తెరలాగా జారిపోయాయి. లోపల మీరన్నట్టే మట్టీ గులకరాళ్లూ, అంతే, గోడే లేదు. పైనుంచి కప్పు ఒక పక్కకు ఒరిగి ఆయన మీదికి దిగింది. ఒక రాయి నా కుడి మణికట్టు మీద పడింది. ఆయన్ను బయటికి తీయడానికి క్రేను రావలసి వచ్చింది. అప్పటికే ప్రాణం లేదు.

కేసు నడుస్తోంది. మేజిస్ట్రేటు నన్ను దేశం దాటవద్దన్నాడు. మార్చిలో రాలేనన్నది అందుకు.

మీకు చెప్పలేకపోయాను. చెబితే మీ రెండు ఉత్తరాలూ ఆ మనిషిని చంపాయని మీరనుకుంటారు. కానీ మీ మొదటి ఉత్తరంలో "గోడ లోపలిదాకా గట్టిగా ఉంటే" అని ఉంది. సభలో ఆ మాట నేను చదవలేదు. కావాలని కాదో, కావాలనో నాకే తెలియదు. తగువు తీరిపోవాలనుకున్నాను, అంతే.

అత్తయ్యను నేను కోపంగా ఉన్న మనిషిగానే తలుచుకుంటూ కూర్చున్నాను, ఆ నెలలన్నీ. మేమిద్దరం కలిసి తిన్న ఒక్క భోజనం కూడా గుర్తుచేసుకోలేదు.

నందిత

బుకిట్ పంజాంగ్
7 మే 2000

అమ్మా నందితా,

నీ ఉత్తరం నిశాంత్ చేత చదివించుకున్నాను. నా కళ్లు పనిచేయలేదు. చదువుతూ చదువుతూ వాడు మధ్యలో లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

నేను గోడను చూడకుండా ఖాయమైన అభిప్రాయం అని రాశాను. "ఉంటే" అన్న మాట చదవకపోవడం నీ తప్పు అనుకుంటున్నావు. ఇంజనీరు అన్నవాడు ముందు లోపల చూడమని రాసి, ఆ తర్వాత మిగతాది రాయాలి. నేను రెండో ఉత్తరంలో రాశాను. అది ముందు రాసి ఉంటే ఎత్తోరే బతికేవాడు. కనీసం చూసేదాకా ఆ గోడ దగ్గరికి ఎవర్నీ పోనివ్వకు అని రాయవలసింది పోయి, మేస్త్రీని పంపమన్నాను.

మేజిస్ట్రేటు ముందు ఈ మాట నేనే చెబుతాను. వీసాకు పెట్టాను. నిశాంత్ వద్దంటున్నాడు. "వాట్ ఫర్ నాన్నా, ఈ వయసులో? ఫ్యాక్స్ పంపితే చాలదా?" అన్నాడు. చాలదు. ఆ మేస్త్రీ భార్యను కూడా చూడాలి. నువ్వు పక్కనుండి నా మాట ఆవిడకు, ఆవిడ మాట నాకు చెప్పాలి.

మావయ్య

కాస్తెల్వెర్నో
9 జులై 2000

మావయ్యా,

మీరు క్షేమంగా తిరిగి ఇంటికి చేరారని నిశాంత్ ఫోను చేశాడు. మేజిస్ట్రేటు నా పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాడు. మీరు చెప్పినదంతా రాయించుకున్నందుకో, మునిసిపాలిటీ కాగితాల్లో బెల్లీ గారి హెచ్చరికలు దొరికినందుకో తెలియదు. కేసు ఇప్పుడు మేయరు మీదికి తిరిగింది. నన్ను సాక్షిగా పిలుస్తారట.

మిగిలిన కప్పును ముక్కలు ముక్కలుగా కోసి దించుతున్నాం. ఈసారి ప్రతి గోడనూ ముందు తవ్వి చూసి, సున్నం పోసి నింపుతున్నాం. యాత్రికుల కోసం కోట తెరవడం మాట ఇక లేదు. నిధులు సగానికి కోసేశారు. అలా మిగిలినవైనా కింద ఊరికి ఇచ్చారా అంటే, లేదు. వాళ్లకు ఇది నాలుగో చలికాలం కాబోతోంది.

ఇప్పుడు ఒక సంగతి. ఇకమీదట దాచుకోవద్దని విమానాశ్రయంలో నా చెయ్యి పట్టుకుని అన్నారు. నేను అప్పటికే ఒకటి దాచి ఉన్నాను.

ఎత్తోరే భార్య బ్రూనా వాళ్ల డబ్బాలో మీరు చేతులు జోడించి మాట్లాడారు. నేను ఆవిడకు ఉన్నదున్నట్టే చెప్పాను. ఆవిడ జవాబు మీకు చెప్పినప్పుడు, "అంతా దేవుడి నిర్ణయం, మీ మీద కోపం లేదంటోంది" అన్నాను. మీరు కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ కాఫీ పోసి ఇచ్చింది కాబట్టి మీరు నమ్మారు.

ఆవిడ అన్నది ఇది. "ఈ పెద్దాయన నిద్ర పట్టక వచ్చాడు. ఆయనకు నిద్ర పట్టించడం నా పని కాదు. నాకూ పట్టడం లేదు. అయినా ఇంత దూరం వచ్చాడు. అరకిలోమీటరు దూరంలో ఉన్న మేయరు రాలేదు. అందుకని కాఫీ ఇస్తాను. తాగి వెళ్లమను. మళ్లీ రావద్దని చెప్పు."

ఆ క్షణంలో మీ మొహం చూసి ఈ మాటలు నా నోటికి రాలేదు. కానీ అవి ఆవిడ మాటలు. మార్చే హక్కు నాకు లేదు.

నందిత

బుకిట్ పంజాంగ్
30 జులై 2000

అమ్మా నందితా,

బ్రూనా మాటలు చదివాను. ఆవిడ సరిగానే అంది. ఇవాళ వాటిని నా చేత్తో వేరే కాగితం మీద మళ్లీ రాసుకున్నాను. మెత్తటి మాటల కంటే ఇవే నాకు రావలసినవి.

ఇంట్లో సంగతులు. విజయవాడ కుర్రాళ్ల కంపెనీ మూతపడింది. ఒకడు ఇంటికి వెళ్లిపోయాడు, ఇంకొకడు స్నేహితుల దగ్గర జురాంగ్ వెస్ట్‌లో ఉంటూ తిరుగుతున్నాడు. నిశాంత్ ఇప్పుడు తొందరగానే ఇంటికి వస్తున్నాడు. ఇద్దరం కింద హాకర్ సెంటరులో తిని పైకి వస్తాం. పెద్దగా మాట్లాడుకోం.

నువ్వు నిజం రాశావు. నేనూ రాయాలి. నీకు ఏప్రిల్లో రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. నిద్రలో పోయిందన్నాను, ఎవర్నీ అడగలేదన్నాను. అలా జరగలేదు.

రాలేనని నువ్వు రాసిన ఉత్తరం మీ అత్తయ్యకు చూపించలేదు. శుక్రవారం వస్తున్నావని చెప్పాను. ఆ మాటతో నాలుగు మెతుకులు లోపలికి పోతాయేమోనని. పోయాయి కూడా. ఆ కుర్రాళ్లను హాల్లోకి మార్పించి నీ గది కడిగించింది. మంచం మీద తెల్ల దుప్పటి వేయించింది. తనకు తల దువ్వమని నిశాంత్‌ను పిలిచింది. "ఇలా చూస్తే పిల్ల జడుసుకుంటుంది" అంది.

శుక్రవారం అయిపోయింది. విమానం ఆలస్యమన్నాను. శనివారం అడిగింది, అదే చెప్పాను. ఆదివారం అడిగింది, అదే చెప్పాను. ఆ తర్వాత నోట మాట తగ్గింది గానీ, లిఫ్టు చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు తల తిప్పేది. గురువారం పొద్దున నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. "విమానాలు ఇంత ఆలస్యం అవుతాయాండీ?" అని అడిగింది.

అవుతాయి అన్నాను.

నా అబద్ధం తెలిసే అడిగిందో, నమ్మే అడిగిందో నాకు తెలియదు. అవే చివరి మాటలు. గంటలో పోయింది.

నీకు పాస్‌పోర్టు ఇచ్చారు కాబట్టి రమ్మని రాయవచ్చు. రాయను. రావాలనిపిస్తే రా. నీ గది ఖాళీగానే ఉంది, ఆ దుప్పటి నేను తీయలేదు. రాలేకపోతే రాలేనని రాయి, ఎందుకో కూడా రాయి.

మావయ్య